అంచు ముక్క

సూరత్ లింబాయత్‌లో విజయరాణి ఉండే సందులో ఆమె ఏం పని చేస్తుందో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియదు. "దవాఖానల టెస్టులు జేస్తది" అని ఆమె అత్త లింగవ్వ చెప్పేది. రక్తం తీసే పని కాబోలు అనుకునేవారు జనం. విజయరాణి కూడా ఆ మాటను దిద్దలేదు. దిద్దాలంటే అసలు సంగతి చెప్పాలి. మనుషుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కలను మైనంలో పొదిగి, ఉల్లిపొర కంటే పల్చగా తరిగి, గాజుపలక మీద పరిచి, రంగులు పట్టించి డాక్టరుకు ఇవ్వడం తన పని అని చెప్తే, బతుకమ్మ నాడు తన పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు ఎంతమంది మిగులుతారో ఆమెకు అనుమానమే.

ఆమె తండ్రి రాజలింగం జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి, సూరత్‌లో బట్ట నేసే సాంచాల మీదే ముసలివాడైన మనిషి. కూతురు ఆ సాంచాల మోతలో పుట్టి, మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివి, గుజరాతీ పిల్లలతో పాటు ల్యాబు టెక్నీషియన్ కోర్సు చేసింది. ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. రక్తపరీక్షల గదిలో వేస్తారనుకుంటే, పై అంతస్తు చివర ఎవరూ ఉండడానికి ఇష్టపడని గదిలో వేశారు. మొదటి రోజే డబ్బాలో ఎవరిదో గర్భసంచి వచ్చింది. ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు వాచిపోయాయి. మానేస్తానని చెప్పడానికి పాథాలజీ డాక్టరు ఛాయాదేవి గది ముందు నిలబడింది.

ఛాయాదేవిది రాజమండ్రి. భర్త ధర్మారావు బ్యాంకు ఉద్యోగం వల్ల సూరత్ వచ్చి, ఆయనకు ఎన్ని ఊళ్లకు బదిలీలైనా తాను మాత్రం అడాజన్ ఫ్లాటు వదలకుండా ఇక్కడే ఉండిపోయింది. తక్కువ మాట్లాడే మనిషి.

"మానేయడం నీ ఇష్టం," అంది ఆమె తల ఎత్తకుండా. "ముందు ఇలా వచ్చి చూడు. నిన్న నువ్వు కోసిందే ఇది."

విజయరాణి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. డబ్బాలో చూసిన ఎర్రటి ముద్ద అక్కడ లేదు. గులాబీ రంగు మీద వేలకు వేల నీలిచుక్కలు. కొన్ని వరుసగా, కొన్ని గుండ్రంగా, ఎవరో కూర్చుని పేర్చినట్టు ఉన్నాయి. చాలాసేపు చూసింది. మానేస్తానన్న మాట ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాత చెప్పాలనిపించలేదు.

తర్వాత ఆమెకు పరుశురాంతో పెళ్లయింది. అతను ఊరి అవతల సచిన్‌లో బట్టలకు రంగులద్దే మిల్లులో పని చేస్తాడు. వాళ్ల గదికి రెండు గదుల అవతల సంపత్, లత కాపురముంటారు. సంపత్ సాంచాలు నడుపుతాడు. సంపత్ తల్లి వెంకటవ్వ కోడలి పురిటికి ఊరి నుంచి వచ్చి, మనవరాలిని వదిలి పోలేక ఇక్కడే ఉండిపోయింది. పాపకు సహస్ర అని పేరు పెట్టుకున్నారు. విజయరాణికి పిల్లల్లేరు. పని నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, పాపను ఎత్తుకుని, సందు చివరిదాకా ఒకసారి తిప్పుకొస్తే తప్ప ఆమెకు రోజు ముగిసినట్టు ఉండేది కాదు.

పాప బోర్లాపడడం నేర్చుకుంటున్న రోజుల్లో, ఎడమ దండ చెయ్యి కొంచెం ఉబ్బి ఉండటం మొదట చూసింది లతే. దోమ కుట్టిందనుకున్నారు. తర్వాత టీకా గడ్డ అనుకున్నారు. ఆ గడ్డ కరగలేదు సరికదా, నిమ్మకాయంత అయింది. ముట్టుకుంటే రాయిలా ఉంది. పక్క వీధి డాక్టరు చూసి "గాంఠ్ హై, పెద్ద దవాఖానకు పొండి" అన్నాడు. విజయరాణే వాళ్లను తమ ఆసుపత్రికి తీసుకుపోయి పిల్లల సర్జన్‌కు చూపించింది. ఆయన స్కానింగు తీయించి, లావుపాటి సూదితో గడ్డలోంచి ముక్క తీయించాడు.

మర్నాడు ఆమె బల్ల మీదికి వచ్చిన సీసాల్లో ఒకదాని మీద సహస్ర పేరుంది.

లోపల సేమియా పలుకుల్లాంటి సన్నని పోగులు కొన్ని ఫార్మలిన్‌లో తేలుతున్నాయి. రోజూ తన మెడ పట్టుకుని వేలాడే చేతిలోంచి వచ్చినవి. సీసా మూత తిప్పబోయి ఆమె కాసేపు ఆగిపోయింది. తర్వాత తిప్పింది. పోగులు నీరు వదిలి, మైనం పీల్చి, చిన్న తెల్లటి బిళ్లగా గట్టిపడేసరికి ఇంకో రోజు గడిచింది. యంత్రం మీద బ్లాకు బిగించి చక్రం తిప్పితే కత్తి కింద నుంచి మైనపు పొరలు రిబ్బనులా జారాయి. వాటిని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజుపలకతో పైకి తీసింది. రంగులు పట్టించింది.

స్లైడు డాక్టరు చేతికి ఇచ్చేముందు తానూ ఒకసారి చూసింది. రోజూ అలా చూడటం అలవాటు, పొర ముడతలు పడిందేమోనని. ముడతల్లేవు. ముదురు నీలి కణాలు సందు లేకుండా కిక్కిరిసి ఉన్నాయి. మధ్య మధ్య చచ్చిపోయిన కణాల మచ్చలు. ఇలాంటివి చూసిన ప్రతిసారీ కింద వార్డులో ఏం జరిగేదో ఆమెకు తెలుసు. ఇంక చూడలేక పలకను బయటికి తీసింది.

ఛాయాదేవి ఆ స్లైడును చాలాసేపు చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"బ్లాకులో ఎంత మిగిలింది?"

"కొంచెమే మేడం."

"ఇంకొన్ని రంగులతో చూడాలి. కండ క్యాన్సరా, ఇంకో రకమా తేలాలి. ముక్క అయిపోతే మళ్లీ రాదు. మొత్తం ఒకేసారి కోసి పలకల మీద ఎత్తెయ్. ప్రతిసారీ కత్తి సరిచేయడానికి పొరలు వృథా కాకూడదు."

"మేడం, ఈ పాప మా సందు పాప."

ఛాయాదేవి తల తిప్పి ఆమె మొహం చూసింది. "కోయగలవా? లేకపోతే ఇంకొకరికి ఇస్తాను."

"కోస్తను."

"సరే. ఇక్కడ చూసింది ఈ తలుపు దాటకూడదు, రాణీ. నీకు కొత్తగా చెప్పక్కర్లేదు."

విజయరాణి తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను ఆపి కూర్చుంది. మైనం మీద ఊపిరి తగిలినా పొర ఎగిరిపోతుంది. చక్రం తిప్పే కుడిచేయి, కుంచె పట్టుకున్న ఎడమచేయి, మధ్యలో ఆ చిన్న తెల్లటి మచ్చ. ఒక్కో పొర వస్తుంటే మచ్చ చిన్నదవుతూ వచ్చింది. చివరి పొరను నీళ్ల మీదికి వదిలేసరికి బ్లాకులో మైనం తప్ప ఏమీ మిగల్లేదు. లేచి కిటికీ తెరిస్తే జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది.

ఆ పరీక్షల్లో కండ క్యాన్సరు కాదని తేలింది. ఏమిటన్నది మాత్రం తేలలేదు. సర్జన్ పైకి వచ్చాడు. గడ్డ పెద్ద నరాన్ని, రక్తనాళాన్ని చుట్టుకుని ఉందని, వారంలోనే పెరిగిందని చెప్పాడు. ఇక ఆగకుండా క్యాన్సరు మందులు మొదలుపెడదామన్నాడు. మందులకు లొంగకపోతే చెయ్యి భుజం దగ్గర తీసేయాల్సి రావచ్చన్నాడు.

"సూది నడిమధ్యకు పోయింది," అంది ఛాయాదేవి. "మధ్యలో చూసింది భయంకరంగానే ఉంది. కానీ అంచు నేను చూడలేదు. పసిపిల్లల గడ్డలు పెద్దవాళ్ల గడ్డల్లా ప్రవర్తించవు. నాకు అంచు ముక్క కావాలి."

"పాలు తాగే బిడ్డ. మళ్లీ మత్తు ఇవ్వాలి, మళ్లీ కోత. ఈలోగా ఊపిరితిత్తులకు పాకితే?"

"పాకొచ్చు. నాకూ భయమే. కానీ తెలియని దానికి మందు రాయమని నేను సంతకం పెట్టలేను."

సర్జన్ తల్లిదండ్రులను ఒప్పిస్తే అలాగే చేద్దామన్నాడు. పక్కగదిలో పలకలు సర్దుతున్న విజయరాణి ప్రతి మాటా వింది. భుజం దగ్గర అన్న మాట ఆమె చెవుల్లోంచి పోలేదు.

ఆ సాయంత్రం సందులోకి అడుగు పెట్టగానే వెంకటవ్వ ఎదురొచ్చింది. అరుగు మీద ఇంకో నలుగురు ఆడవాళ్లు ఉన్నారు.

"బిడ్డా, మా పోరి ముక్క నీ దగ్గరికే వచ్చిందంట గదా. సూసినవా?"

"చూసిన అవ్వా."

"మరి ఏమున్నదే అండ్ల?"

"నాకు తెల్వదవ్వా. నేను కోసి ఇచ్చుడే. చదివేది డాక్టరమ్మ."

"గన్నేండ్ల సంది కోస్తున్నవ్, తెల్వదంటవా?"

అరుగు మీద ఒకామె ఆ మాట పట్టుకుంది. "కోసుడేంది? ఈమె నెత్తురు తీస్తది గదా?"

విజయరాణి బదులు చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పినట్టయింది. మర్నాడు పొద్దున నీళ్ల దగ్గర ముందున్న ఆమె తన బిందెను పక్కకు జరుపుకుంది. లింగవ్వ ఇంట్లోకి వచ్చి కోడలి మీద విరుచుకుపడింది. పీనుగుల పని చేస్తున్నావని అందరూ అంటున్నారని, ఇక తాను బయట తల ఎట్లా ఎత్తుకోవాలని అడిగింది. పీనుగులు కాదత్తా, బతికున్నోళ్లవే అంటే ముసలామె ఇంకా బెదిరిపోయింది.

పరుశురాం వేరే రకంగా కోపగించుకున్నాడు. "సంపత్ నాకు తమ్ముని లెక్క. నువ్వు జూసినవ్. మంచిదా చెడ్డదా, ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతది?"

"నాకు తెలిస్తే గదా."

"తెల్వకుంటనే గిట్ల అన్నం ముట్టకుంట కూసున్నవా?"

నిజం చెప్పాలంటే ఆమెకు ఒక ఊహ ఉంది. ఇది క్యాన్సరే, అది కూడా చెడ్డ రకం అని ఆమె మనసు తేల్చేసుకుంది. ఒక్క మాట చెప్పు అని ఎవరైనా ఇంకాస్త గట్టిగా అడిగితే ఆ మాటే బయటికి వచ్చేది. అందుకే సంపత్ గుమ్మం వైపు పోవడం మానేసింది. లత పాపను చంకనేసుకుని కనబడితే పనున్నట్టు లోపలికి తిరిగేది.

రెండోసారి కోత పెట్టాలని చెప్పడానికి సర్జన్ సంపత్‌ను, లతను పిలిపించాడు. ఆయన హిందీలో నెమ్మదిగా అన్నీ చెప్పాడు. కానీ సంపత్‌కు వినబడింది ఒక్కటే, చెయ్యి తీసేస్తారని. ఆలోచించుకుని చెప్తామని లేచి వచ్చేశాడు. మర్నాడు మధ్యాహ్నం లింగవ్వ ఫోను చేసి చెప్పింది. "వాళ్లు ఊరికి పోతున్నరు. ఆడెవలో గడ్డలకు పసరు కడ్తడంట. సామాన్లు బస్సుల పెడ్తున్నరు."

విజయరాణి ఛాయాదేవిని అడిగి, కోటు విప్పి కిందికి దిగింది. షేరింగ్ ఆటో ట్రాఫిక్‌లో ఎంతకూ కదలదు. సగం దారిలో దిగిపోయి ఎండలో నడిచింది. ఊరి బస్సు రోడ్డు పక్కన ఇంజను నడుస్తూ నిలబడి ఉంది. పైన సంచులు కడుతున్నారు. కిటికీ పక్కన వెంకటవ్వ, ఆ వెనక లత. లత ఒళ్లో పాప నిద్రపోతోంది. ఎడమ చెయ్యి మీద పల్చటి గుడ్డ కప్పి ఉంది.

సంపత్ ఆమెను చూసి బస్సు మెట్టు మీదనుంచి దిగలేదు.

"పోవద్దు తమ్మీ," అంది ఆమె ఆయాసపడుతూ. "ఇంకొక్క ముక్క ఇయ్యుండ్రి."

"ముక్కలు ముక్కలు కోసి ఏం జేస్తరక్కా మీరు? ఒకపారి కోసిన్రు. ఏం జెప్పిన్రు? ఇప్పుడు చెయ్యే కోస్తమంటున్నరు."

"చెయ్యి కోస్తమనలే. అది ఏందో తెల్వాలె అన్నరు. డాక్టరమ్మకే ఇంకా తెల్వదు. తెలుసుకోనీకె అంచుల నుంచి కొంచెం కావాలంటున్నది."

"నీకు తెలుసు." సంపత్ కడ్డీ పట్టుకుని ముందుకు వంగాడు. "నువ్వు చెప్పకున్నా నాకు తెలుసు. గా సీసా వచ్చిన కాన్నుంచి నువ్వు నా బిడ్డను ఎత్తుకోలే. ఒక్కపారి గూడ ఎత్తుకోలే. నీ మొఖంల నాకు కనబడ్తలేదనుకున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. విజయరాణి కాదని అబద్ధం చెప్పవచ్చు. ఏం కాదు, మంచిగైతది అని ఒక్క మాట అంటే వాళ్లు దిగిపోతారేమో కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు అది అబద్ధమైతే, ఈ మనిషి ఇంకెవరి మాటా నమ్మడు.

"భయమైంది," అంది. "ఎత్తుకుంటె ఏడుస్తనేమో అని ఎత్తుకోలే. నాకు భయమైంది తమ్మీ, గంతే. నా భయం రిపోర్టు గాదు. నేను డాక్టర్ను గాదు. నేను ఏమనుకున్ననో అది తప్పు గావచ్చు. నువ్వు గిట్ల పోతివనుకో, అది తప్పో ఒప్పో ఇగ ఎవ్వలకు తెల్వదు. పసరు కట్టెటాయనకు గూడ తెల్వదు."

డ్రైవరు హారన్ కొట్టాడు. సంపత్ మొహం తిప్పుకుని లోపలికి పోబోయాడు. అప్పుడు లత లేచింది. పాపను భుజానికి ఎత్తుకుని, అత్త మోకాళ్లు దాటుకుని, మొగుడి పక్కనుంచి మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. వెంకటవ్వ లోపలినుంచి పిలుస్తూనే ఉంది. లత వెనక్కి చూడలేదు.

"ఇస్తనక్కా," అంది. "గని గా ముక్కను నువ్వే పట్కపోవాలె. నువ్వే కొయ్యాలె. ఇంకోలి చేతుల పెట్టద్దు."

"పెట్టను."

"ఒట్టు?"

"ఒట్టు లతా."

బస్సు సామాన్లతో పాటు కొంచెం దూరం కదిలి ఆగింది. సంపత్ తల్లిని దింపి, పైకెక్కి సంచులు విప్పడం మొదలుపెట్టాడు.

ఆపరేషను రోజు విజయరాణి థియేటరు తలుపు దగ్గరే నిలబడింది. సర్జన్ గడ్డ అంచు నుంచి, మామూలు కండ కూడా కొంచెం కలిసేలా, చింతగింజంత ముక్క తీసి ఇచ్చాడు. ఆమె సీసాను కోటు జేబులో వేసుకోకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కింది. ఛాయాదేవి ముక్కకు ఏది లోపలి వైపో, ఏది బయటి వైపో తెలిసేలా సిరా పూసింది.

బ్లాకు తయారై కత్తి కిందికి వచ్చాక మొదటి పొరలోనే కర్రుమన్న చప్పుడైంది. విజయరాణి చక్రం వదిలేసింది. ముక్కలో ఒక మూల సున్నంలా గట్టిపడి ఉంది. కత్తి దానికి తగిలి మొద్దుబారి, పొర అడ్డంగా చీలింది. ఇలాగే ఇంకో నాలుగు పొరలు కోస్తే ఆ గట్టి పలుకు ఊడివచ్చి, తనతో పాటు అంచునంతా చింపుకుపోతుంది. ఏ అంచు కోసం ఆ తల్లి బస్సు దిగిందో అదే పోతుంది.

వెళ్లి ఛాయాదేవికి చెప్పింది. ఇద్దరూ బ్లాకును కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. "గట్టిదనం పోగొట్టే ద్రావణంలో బ్లాకు కోసే వైపు ఒక్కటే ముంచు," అంది డాక్టరు. "ఎక్కువసేపు ఉంచితే రంగులు పట్టవు. తక్కువసేపైతే మళ్లీ చీలుతుంది." ఎంతసేపన్నది ఇద్దరిలో ఎవరికీ కచ్చితంగా తెలియదు. డాక్టరు ఒక అంచనా చెప్పింది. విజయరాణి అంతకంటే కొంచెం ముందే తీద్దామంది. సరేనంది డాక్టరు. బ్లాకును ఆ ద్రావణంలో బోర్లించి, ఇద్దరూ గడియారం చూస్తూ దాని పక్కనే కూర్చున్నారు. తీసి కడిగి, మంచు మీద చల్లబరిచి, కొత్త కత్తి బిగించారు.

విజయరాణి చక్రం తిప్పింది. ఒక చిన్న గీత పడింది కానీ పొర చీలలేదు. మళ్లీ తిప్పింది. ఈసారి గీత కూడా లేదు. నీళ్ల మీద ఆ పొర అంచులతో సహా విప్పారి, కదలకుండా తేలింది.

రంగులు పట్టించిన పలకను వెలుగులో పట్టుకుంటే మామూలు కంటికే తేడా కనబడింది. మధ్యలో ముదురు నీలం. చుట్టూ వెడల్పాటి గులాబీ పట్టీ. దాని అర్థం ఏమిటో ఆమెకు తెలియదు. మొదటిసారి అన్నీ తెలిసినట్టు తేల్చేసుకుంది కదా, అందుకని ఈసారి ఏమీ అనుకోకూడదని గట్టిగా నిర్ణయించుకుని పలకను బల్ల మీద పెట్టింది.

ఛాయాదేవి చూస్తున్నంతసేపూ విజయరాణి తలుపు పట్టుకుని నిలబడింది. డాక్టరు పలకను అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా జరుపుతూ పోయింది. ఒక లావుపాటి పుస్తకం తీసి, బొమ్మలు చూసి, మళ్లీ మైక్రోస్కోపు దగ్గరికి వచ్చింది.

"రాణీ, ఇలా రా. ఇదిగో, ఈ గులాబీ కట్టలు చూశావా? ఎంత నిమ్మళంగా ఉన్నాయో. ఇప్పుడు మధ్యకు వెళ్తున్నాను. ఈ రక్తనాళాలు దుప్పి కొమ్ముల్లా చీలాయి కదూ? వాటి చుట్టూ మనం మొదట చూసిన కణాలే. ఇవి రెండు జబ్బులు కావు. ఒకే గడ్డకు లోపల ఒక రూపం, బయట ఒక రూపం. సూదికి లోపలిదే దొరికింది."

"క్యాన్సర్ గాదా మేడం?"

"నాకు కాదనే అనిపిస్తోంది. మయోఫైబ్రోమా అంటారు. పసిపిల్లల్లో అరుదుగా వస్తుంది. చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది." విజయరాణి మొహం చూసి ఆమె చెయ్యి ఎత్తింది. "ఆగు. ఇలాగే కనబడే ఇంకో క్యాన్సరు ఉంది. అది కాదని జన్యుపరీక్షలో తేలాలి, ముంబయి పంపాలి. అది కాకపోయినా ఈ గడ్డలు ఒక్కోసారి ఒంట్లో చాలాచోట్ల ఉంటాయి. ఊపిరితిత్తుల్లో ఉంటే మాత్రం బిడ్డ దక్కడం కష్టం. ఒళ్లంతా స్కాను చేయాలి."

ఆ సాయంత్రం విజయరాణి నేరుగా లత గుమ్మానికి పోయింది. ఏమీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. పాపను ఎత్తుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. చేతి గుడ్డను తగలకుండా సర్దుకుంది. వెంకటవ్వ కాసేపు చూసి, లేచిపోయి టీ పెట్టుకొచ్చింది.

స్కానులో భుజం ఎముకలో శనగగింజంత ఇంకో మచ్చ కనబడింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పేగులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. ముంబయి ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో సంపత్ సాంచాల మీదికి పోలేదు. ఆసుపత్రి గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చునేవాడు. చివరికి ఛాయాదేవే వాళ్లను గదికి పిలిచి, తెలుగులో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఇది క్యాన్సరు కాదు. చెయ్యి తీయాల్సిన పని లేదు. మందులు కూడా ఇప్పుడే వద్దు. చూస్తూ ఉండాలి.

"చూస్తనే ఉండాల్నా?" అన్నాడు సంపత్ నమ్మలేక. "ఏం జెయ్యకుంటనా మేడం?"

"ఏం చేయకుండానే. నెలనెలా తీసుకురండి. పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం."

కోస్తామంటే ఎదురుతిరిగిన మనిషికి ఏమీ చేయబోమంటే ఇంకా కష్టమైంది. తర్వాతి నెల గడ్డ ఇంకాస్త పెరిగింది. సందులో పసరు మాట మళ్లీ లేచింది. సర్జన్ కూడా నొసలు ముడిచాడు. ఛాయాదేవి పాత పలకలన్నీ తీసి మొదటినుంచి మళ్లీ చూసి, తన మాట మార్చుకోనంది. ఆ రాత్రులు విజయరాణికి నిద్ర పట్టలేదు. తాను ముందుగా తీద్దామన్న బ్లాకు, తాను కోసిన పొర, దాని మీద నిలబడిన మాట. ఏదైనా తేడా జరిగి ఉంటే?

ఎండలు ముదిరే వేళకు గడ్డ పెరగడం ఆగింది. వానలు పడేసరికి రాయిలా ఉండేది వేలితో నొక్కితే లోపలికి పోయింది. పాప ఆలస్యంగా పాకడం నేర్చుకుంది, మొదట ఒక చేతి మీద బరువేసి కుంటుతూ, తర్వాత రెండు చేతుల మీదా. మళ్లీ స్కాను తీస్తే ఎముకలో మచ్చ వెతికితే గానీ కనబడలేదు. చేతి మీద కోత గుర్తు, దాని పక్కన చిన్న గుంట మిగిలాయి.

ఆ ఏడే ఇంకో పాప ముక్క అదే బల్ల మీదికి వచ్చింది. కిడ్నీలో గడ్డ. ఎవరో సచిన్ వైపు వాళ్లు. ఆ ముక్క బాగానే తెగింది, రంగులు బాగానే పట్టాయి, జవాబే మంచిది కాదు. విజయరాణి ఆ రోజు పని చివరిదాకా చేసి, ఇంటికొచ్చి పరుశురాంకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పింది. అతను తానే పొయ్యి ముట్టించి అన్నం వండాడు.

ఇప్పుడు సందులో వాళ్లు ఏ రిపోర్టు వచ్చినా ఆమె దగ్గరికి పట్టుకొస్తారు. ఆమె పేరు, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెప్పి పంపేస్తుంది. కొందరికి అది పొగరుగా కనబడుతుంది. బిందె పక్కకు జరుపుకున్న ఆమె ఇప్పటికీ జరుపుకుంటూనే ఉంది.

బస్సు దగ్గర అన్న మాటల తర్వాత సంపత్ ఆమెతో పెద్దగా మాట్లాడలేదు. ఒక ఆదివారం మాత్రం గుమ్మంలోకి వచ్చి చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"అక్కా, గా ముక్కలు ఏం జేసిన్రు? పారేసిన్రా?"

"లేదు తమ్మీ. మొదటిది పలకల మీద, రెండోది మైనంల ఉన్నయి. బీరువల పెట్టినం."

"ఎన్నొద్దులు ఉంటయి?"

"చాన ఏండ్లు ఉంటయి. మళ్లెప్పుడన్న డాక్టర్లకు అనుమానమొస్తె తీసి చూస్తరు."

సంపత్ ఏదో అడగబోయి మానేశాడు.

"ఉండనీ," అన్నాడు. "ఆడ్నే ఉండనీ. మంచిగ పెట్టుండ్రి."

డ్యూటీకి వేళయిందని సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.